నీమా పెట్టిన వనభోజనం

గురువారం సాయంత్రం మనోరమ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, మేడమీది గదిలో ఉండే నీమా దిగివచ్చి ఎదురుగా మెట్టుమీద కూర్చుంది. అలవాటుగా చేట దగ్గరికి చెయ్యి చాపింది. మనోరమ కూడా అలవాటుగానే చేటను అవతలికి జరిపింది.

"నీకెందుకు బిడ్డ, గోర్లు నల్లగైతయి. కూసో, చాయ్ పెడత."

"చాయ్ వద్దు ఆంటీ. ఒక మాట చెప్పాలె. మధ్యల లేవద్దు."

నీమాది టాంజానియా. మోషి అనే ఊరు. రెండేళ్ళ కిందట యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి, అశోక్‌నగర్‌లో ఈ ఇంటి మేడమీది గది కిరాయికి తీసుకుంది. తెలుగు ఎక్కడా పుస్తకం పెట్టి నేర్చుకోలేదు. ఈ వాకిట్లోనే నేర్చుకుంది. అందుకే ఆమె నోటివెంట "జర", "పరేషాన్" అచ్చం మనోరమ అన్నట్టే వస్తాయి. పరీక్షలు అయిపోయాయి. ఇంకో రెండు వారాల్లో వెళ్ళిపోతుంది.

"ఆదివారం మీరు, అంకుల్ నాతోని వస్తున్నరు. హిమాయత్‌నగర్‌ల కారు మాట్లాడిన. అనంతగిరి గుట్టలకు పోదం. నిహారిక, సరిత కూడ వస్తరు. నడిపేది నేనే. వంట కూడ నాదే."

"వంట నువ్వు చేసుడేంది? నేను లేనా?"

"గిదే ఆంటీ, గిదే." నీమా రెండు చేతులూ జోడించింది. "మా అమ్మ ప్రతి వారం ఫోన్ల అడుగుతది. రెండేండ్ల నుంచి ఆ ఇంట్ల తింటున్నవ్, వాళ్ళకు నువ్వేం వండి పెట్టినవ్ అని. నేనేం చెప్పాలె? మీరు నన్ను వంటింట్లకే రానియ్యరు. గిన్నె పట్టుకుంటే గుంజుకుంటరు. ఒక్క పూట మీకు నా చేత్తోని పెట్టకుండ విమానం ఎక్కితే నాకు మంచిగనిపియ్యదు. ఒక్క పూటనే ఆంటీ. మీరు ఏం వండద్దు, ఏం తేవద్దు."

మనోరమ చేట పక్కన పెట్టింది. ఇంటికొచ్చిన పిల్లతో పని చేయించుకోవడం ఆమె ఎరగదు. ఇంట్లో మనిషి కాని మనిషి గరిటె పట్టుకుంటే ఆమె చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి. అయినా ఆ పిల్ల మొహం చూసి, "సరే తియ్యి. ఏం తేను," అంది.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒట్టు శనివారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

*

"కార్తీకంల అడవికి పోతున్నం," అంది మనోరమ భర్తతో. "వట్టి చేతులతోని పోతరా ఎవరన్న?"

గోవర్ధన్ కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పేపరు మడిచి కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఒట్టేసినవ్ గద?"

"కొంచెం పులిహోర చేస్త, అంతే. ఆ పిల్ల ఏం వండుతదో, ఎంత వండుతదో. మీకు ఎక్కకపోతే? ఆకలికి మీరు ఊకుంటరా?"

"నా మీదికి నూకకు. నువ్వు చేయకుంటే ఉండలేవని చెప్పు."

పులిహోర ఒక్కటే అయితే బోసిగా ఉంటుందని దద్దోజనం. తీపి లేకుండా వనభోజనం ఏమిటని భక్ష్యాలు. పొయ్యి ఎలాగూ వెలిగింది కదా అని గారెలకు కూడా పప్పు నానేసింది. ఆదివారం తెల్లవారేసరికి మూడు క్యారియర్లూ ఒక పెద్ద స్టీలు డబ్బా నిండాయి. అవి కాక ఉసిరి మొక్క ఒకటి. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద తినాలి, అంత అడవిలో ఉసిరి చెట్టును ఎక్కడ వెతుకుతామని నారాయణగూడ సంతలో కుండీతో సహా కొనుక్కొచ్చింది.

నీమా తన గిన్నెలు కారు డిక్కీలో సర్ది, గదికి తాళం వేయడానికి పైకి వెళ్ళింది. ఆ కాస్త సందులో గోవర్ధన్ క్యారియర్లను పాత దుప్పట్లో మూటగట్టి డిక్కీలో ఓ మూలకు నెట్టాడు. మూత వేసి ఏమీ ఎరగనట్టు బానెట్ తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ చెట్టేంది ఆంటీ?" నీమా మెట్లమీదే ఆగిపోయింది.

"ఇది తినేది గాదు బిడ్డ. ఒట్టు పోలే."

నిహారిక విద్యానగర్ పిల్ల, నీమా క్లాసుమేటు. సరితది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటూ పక్క గల్లీ హాస్టల్లో ఉంటుంది. నీమాకు చిక్కడపల్లి లైబ్రరీలో పరిచయం. సరిత ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కారెక్కుతుంటే నిహారిక లాక్కుంది.

"ఒక్కరోజు చదవకుంటే రాజ్యాంగం మారిపోదు గని, లోపలికి జరుగు. చెట్టుకు జాగ కావాలె."

మనోరమ వెనక సీట్లో మధ్యన కూర్చుంది, ఒళ్ళో కుండీ. చెరోపక్క ఆడపిల్లలు, వాళ్ళ చెవుల్లో ఉసిరి రెమ్మలు. ముందు సీట్లో గోవర్ధన్. నీమా బెల్టు పెట్టుకుని అద్దం సరిచేసుకుంది. మోషిలో ఆమె మేనమామకు టూరిస్టులను తిప్పే బండ్లున్నాయి. పద్దెనిమిదేళ్ళకే స్టీరింగు పట్టింది. ఇంటర్నేషనల్ లైసెన్సు తెచ్చుకుంది కానీ ఈ రెండేళ్ళూ బస్సులోనే తిరిగింది.

కారు కదిలేలోపే గోవర్ధన్ చెయ్యెత్తాడు.

"చిక్కడపల్లి వెంకటేశ్వరసామి గుడి ముందల ఒక్క నిమిషం ఆపు."

గుడి ముందు దిగి, జేబులోంచి నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల కింద పెట్టాడు. నిహారిక కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అంకుల్, ఇది కిరాయి కారు. సాయంత్రం ఇచ్చేస్తం."

"కారు ఎవరిదైతేంది, లోపల కూసున్నది మనమే గద."

నీమా నిమ్మకాయలను ఒక్క ఊపులో చితకతొక్కి, నారాయణగూడ చౌరస్తా వైపు తిప్పింది. ఆదివారం పొద్దున్నే కాబట్టి హిమాయత్‌నగర్ దుకాణాలన్నీ షట్టర్లు వేసుకుని నిద్రపోతున్నాయి. రోడ్డు మొత్తం వీళ్ళదే అన్నట్టుంది. అయినా గోవర్ధన్ కుడికాలు కాళ్ళకింది చాపమీద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

"ఎడమకు, ఎడమకు. ఆటో వస్తున్నది. హారన్ కొట్టమ్మా."

"మా ఊర్ల హారన్ కొట్టం అంకుల్. ఏనుగులకు కోపమొస్తది."

గోవర్ధన్ మెహిదీపట్నం దాకా నోరెత్తలేదు. అప్పుడు నిహారిక ఇక ఆపుకోలేక నవ్వేసింది.

"నమ్మకండి అంకుల్. ఆమె ఫస్ట్ ఏనుగును చూసింది మన జూపార్కులనే. నేనే తీస్కపోయిన."

"ఎన్నిసార్లు అడిగిన్రు నన్ను, మీ ఇంటిముందలికి సింహం వస్తదా అని," అంది నీమా అద్దంలో చూస్తూ. "ఒక్కసారన్న నేను గూడ అబద్ధమాడద్దా?"

గోవర్ధన్ కూడా నవ్వాడు. కానీ కాలు మాత్రం చాప మీంచి తీయలేదు.

మొయినాబాద్ దాటాక ఊరు వెనకబడింది. రోడ్డుకు రెండువైపులా బంతితోటలు. సరిగ్గా కోతకొచ్చినట్టున్నాయి, పసుపు కలిపి ఆరబోసినట్టు ఎటు చూసినా పూలే. సరిత కిటికీ దించి గాలికి మొహం పెట్టింది. తన పల్లె విడిచి వచ్చాక పొలం చూడలేదని అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. నీమా వేగం తగ్గించింది. ఏదో పాట అందుకుంది, వాళ్ళ భాషలో. మాటలు తెలియకపోయినా పల్లవి రెండుసార్లు వినగానే నిహారిక గొంతు కలిపింది. మనోరమ కుండీ మీద వేళ్ళతో తాళం వేసింది.

చేవెళ్ళ దగ్గర చాయ్ కోసం ఆగారు. గ్లాసులు చేతికొచ్చేసరికి నీమా ఫోను మోగింది. వాళ్ళమ్మ, వీడియోలో. అక్కడ అప్పుడే తెల్లవారుతున్నట్టుంది, ఆమె వెనక కిటికీ ఇంకా బూడిదరంగులో ఉంది. తలకు పూలగుడ్డ చుట్టుకున్న లావుపాటి మనిషి, నవ్వు మాత్రం అచ్చం నీమాదే. ఆమె గబగబా ఏదో అడిగింది. నీమా జవాబు చెప్పి ఫోను మనోరమ వైపు తిప్పింది.

"ఏం తినకుండ వచ్చిన్రా అని అడుగుతున్నది. పొద్దున ఏమన్న తింటే నా వంట తక్కువ తింటరంట. ఏం తిననియ్యకు అని నాకు గట్టిగ చెప్తున్నది."

"ఏం తినలేదని చెప్పు," అంది మనోరమ. పొద్దున గారెలు వేస్తూ ఉప్పు చూడటానికి రెండు తిన్న సంగతి గుర్తొచ్చి చాయ్ గ్లాసులోకి చూసింది.

ఆ మాట విని అవతల ఆమె చెయ్యి గుండెమీద వేసుకుంది. తర్వాత వేలు చూపిస్తూ కూతురితో ఇంకా ఏదో చెప్పింది. నీమా తలూపుతూ, సరేనమ్మా సరేనమ్మా అన్నట్టు వింటోంది. ఆ పిల్ల మొహంలో ఉన్న సంబరాన్ని మనోరమ దగ్గరినుంచి చూసింది. పరీక్ష ఫలితాలు వచ్చినరోజు కూడా అంత వెలుగు లేదు.

మనోరమ భర్తను చాయ్ బండి వెనక్కి పిలిచింది.

"ఆ క్యారియర్లు బయటికి తియ్యద్దు."

"ఏం?"

"తియ్యద్దంటే తియ్యద్దు. అవి చూసిందంటే ఆ పిల్ల మనసు చిన్నగైతది."

"భక్ష్యాలు గూడనా?"

"భక్ష్యాలు గూడ."

గోవర్ధన్ మొహం వేలాడింది. "మరేం చేద్దాం? ఇంటికాడ దింపేటప్పుడు చూడదా?"

"ఏదో ఒకటి చేయాలె. నన్ను పరేషాన్ చేయకుండ్రి."

ఎండ ఎక్కేకొద్దీ డిక్కీ వేడెక్కింది. మన్నెగూడ దగ్గరికి వచ్చేసరికి కారంతా పులిహోర వాసన.

"ఇంగువ వాసన వస్తున్నది," అంది నీమా.

"నా చొక్కాది," అన్నాడు గోవర్ధన్.

"మీ చొక్కాకు ఇంగువ ఎందుకు అంకుల్?"

"మీ ఆంటీ ఏమన్న చేస్తది. అడుగద్దు."

వెనకాల నిహారిక మనోరమ వైపు ఒక్క చూపు చూసింది. మనోరమ ఉసిరి కొమ్మల వెనక దాక్కుంది.

*

వికారాబాద్ దాటి గుట్ట ఎక్కుతుంటే చల్లదనం మొదలైంది. మలుపు తిరిగినప్పుడల్లా చెట్ల సందుల్లోంచి కింద లోయ ఒక ముక్క కనిపించి మాయమవుతోంది. నీమా స్టీరింగును రెండు వేళ్ళతో తిప్పుతూ, మలుపు మలుపుకూ గేరు మారుస్తోంటే బండికి గుట్ట ఎక్కుతున్నట్టే తెలియడంలేదు. గోవర్ధన్ కాలు ఎప్పుడు ఆగిందో ఆయనకే తెలియదు.

"మంచిగ నడుపుతున్నవమ్మా," అన్నాడు చివరి మలుపు తర్వాత. అద్దంలో నీమా పళ్ళన్నీ కనిపించాయి.

గుట్టమీద కార్తీక మాసపు ఆదివారం కదా, జనం బాగానే ఉన్నారు. చెట్టుకో కుటుంబం. గుడికి ఇవతలగా ఒక చెట్టు కింద బండి ఆపారు.

"ముందు లోయ చూసొస్తం," అంది నిహారిక. "అంకుల్, మీరు రారా?"

"మీరు పోయిరాండ్రి. తాళం ఇయ్యి బిడ్డ, దుప్పటి పరుస్త."

ముగ్గురూ కనుమరుగు కాగానే గోవర్ధన్ డిక్కీ తెరిచాడు. మనోరమ కుండీని నేలమీద పెట్టి చుట్టూ చూసింది. ఇన్ని గిన్నెల అన్నం ఎవరికి ఇవ్వాలి, ఏమని ఇవ్వాలి? ఆమె అలా నిలబడి ఉండగానే అవతలి చెట్టు కిందనుంచి ఒక పెద్దామె, ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు.

"అక్కా, అది ఉసిరిక చెట్టేనా? పొద్దటిసంది తిరుగుతున్నం, ఒక్కటి దొర్కలే. దీపం పెట్టుకుంటం, జర ఉండనియ్యి."

ఆమె పేరు బుగ్గమ్మట. ముషీరాబాద్ బస్తీనుంచి డీసీఎం లారీ మాట్లాడుకుని వచ్చారు. బిల్డింగు పనులకు పోయేవాళ్ళు, పాలమూరువాళ్ళు. వండిన గిన్నెలు ఆటోలో వెనకాల వస్తుంటే టైరు పగిలి దారిలో ఆగిపోయిందని, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని ఆమె దీపం వెలిగిస్తూ చెప్పింది.

మనోరమకు వరమిచ్చినట్టయింది. "అయితే ఇవి తీసుకపోండ్రి అక్కా. పులిహోర, దద్దోజనం, గారెలు. పిల్లలకు పెట్టుండ్రి."

బుగ్గమ్మ వెనక్కి తగ్గింది. "మరి మీకో?"

"మాకు వేరే ఉన్నది. మా బిడ్డ వండింది."

"భక్ష్యాల డబ్బ మటుకు..." అన్నాడు గోవర్ధన్.

"అది గూడ," అంది మనోరమ.

ఆడవాళ్ళు క్యారియర్లు మోసుకుపోతుంటే గోవర్ధన్ ఆ డబ్బా చెట్ల చాటుకు పోయేదాకా చూశాడు. మనోరమకు భుజాలు తేలికయ్యాయి. దుప్పటి దులిపి పరిచింది. మధ్యలో ఉసిరి కుండీ పెట్టింది.

ముగ్గురు ఆడపిల్లలూ గాలికి రేగిన జుట్లతో తిరిగి వచ్చారు. నీమా తన గిన్నెలు దింపింది. "మీరిద్దరు కూసోండ్రి. లేవద్దు."

మనోరమ కూర్చుంది. నీమా విస్తరాకులు వేస్తుంటే ఆమె చెయ్యి నీళ్ళసీసా వైపు పోయింది. సరిత ఆ సీసాను అవతలికి జరిపింది. నీమా పొరలు పొరలుగా కాల్చిన మందపాటి చపాతీలు వేసింది. కొబ్బరిపాలలో ఉడికించిన రాజ్మా వేసింది. మసాలా అన్నం, క్యాబేజీ. పక్కన ఉల్లిగడ్డ, టమాట సన్నగా తరిగి నిమ్మరసం పిండినది.

"దీన్ని మేం కచుంబరి అంటం."

"అది మా కచుంబర్ గదమ్మా," అన్నాడు గోవర్ధన్.

"మీదెట్లయితది అంకుల్? నేను పుట్టకముందునుంచి మా ఇంట్ల ఉంది."

"నేను పుట్టకముందునుంచి మా ఇంట్ల ఉంది. నాకే వయసెక్కువ."

గోవర్ధన్ చపాతీ తుంచి రాజ్మాలో ముంచాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. నీమా గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు, ఇంకోటి. చపాతీ అయిపోయాక ఆకుమీద ఖాళీ చూపించాడు.

"మారు వడ్డించాలెనా లేదా? ఇంతేనా మీ ఊరి మర్యాద?"

నీమా నవ్వుతూ వంగి వడ్డించింది. మనోరమ కూడా తింది. కొబ్బరిపాల తియ్యదనం వెనక మిరపకాయ సన్నగా తగులుతోంది. ఎవరో వడ్డిస్తుంటే తీరిగ్గా కూర్చుని తినడం ఆమెకు వింతగా ఉంది. ఏ పెళ్ళిలోనో తప్ప అలా తిన్న గుర్తు లేదు. అప్పుడు కూడా ఒక కన్ను వడ్డించేవాళ్ళ మీదే ఉండేది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి బుగ్గమ్మ గొంతు వినిపించింది.

"అక్కా, మీ గిన్నెలు."

బుగ్గమ్మ, ఆమె వెంట ఇంకో ఇద్దరు. మూడు క్యారియర్లూ ఒక స్టీలు డబ్బా దుప్పటి మీద పెట్టారు. "మా ఆటో వచ్చిందక్క. మీ పులిహోర మస్తుండె, పిల్లలు గిన్నె నాకిన్రు. ఉత్త గిన్నెలు ఎట్లిస్తం? వంకాయ కూర, పచ్చిపులుసు, బియ్యం పాశం పెట్టినం. మస్తు వండుకున్నంలే."

నీమా గరిటె కిందికి దిగింది. ఆ క్యారియర్లను ఆమె రెండేళ్ళనుంచి మనోరమ వంటింటి అరలో చూస్తూనే ఉంది.

"పులిహోర?" అంది.

గోవర్ధన్ ఆకులోకి చూస్తూ, "చొక్కాది అన్న గద," అని గొణిగాడు. నిహారిక నోటికి చున్నీ అడ్డంపెట్టుకుంది. కానీ నీమా నవ్వలేదు.

"నా వంట చాలదనుకున్నరా ఆంటీ?"

బుగ్గమ్మకు ఏదో తేడా వచ్చిందని అర్థమై అక్కడే ఆగిపోయింది. మనోరమ ఎంగిలి చెయ్యి ఆకుమీదే ఉంచి తలెత్తింది.

"చాలదని గాదు బిడ్డ. ఊరికే కూసుంటే నా చేతులు ఆగయి. నువ్వు వద్దన్నవ్, నేను సరే అన్న, మళ్ళ పప్పు నానేసిన. చేవెళ్ళల మీ అమ్మను చూసినంక సిగ్గనిపిచ్చింది. నీకు తెల్వకుండ ఇచ్చేసిన. నిండి తిరిగొస్తయని ఎరుకలేకుండెనా నాకు? నేను మాత్రం ఎవరి గిన్నెన్న ఖాళీగ పంపిన్నా? తొందరల మతికి రాలే."

నీమా కాసేపు క్యారియర్ల వంకే చూసింది. పెదవి కొరుక్కుంది. ఆ పెదవి ముందు వణికి, తర్వాత మెల్లగా సాగింది. ఆమె నవ్వు వినగానే నిహారిక చున్నీ తీసేసి పగలబడింది. సరిత దుప్పటి మీద పక్కకు ఒరిగిపోయింది.

"మీ చేతులను నేనేం చెయ్యాలె ఆంటీ?" అంది నీమా కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత పని మొదలుపెట్టింది. బుగ్గమ్మ తెచ్చినవన్నీ తన ఖాళీ గిన్నెల్లోకి వొంపింది. మనోరమ క్యారియర్లు నీళ్ళతో కడిగింది. వాటినిండా తన మసాలా అన్నం, రాజ్మా నింపింది. మిగిలిన చపాతీలు దాదాపు అన్నీ డబ్బాలో పేర్చింది.

"పెద్దమ్మా, ఇవి మా ఊరి వంట. నేను వండిన. పిల్లలకు పెట్టుండ్రి." గిన్నెలు బుగ్గమ్మ చేతికిచ్చి, వేలు చూపించింది. "ఈసారి మటుకు ఉత్త గిన్నెలే తేవాలె. లేకుంటే మనం రాత్రిదాంక గిట్లనే తిరుగుతం."

"గట్లెట్ల బిడ్డ? ఉత్తయి ఎట్లిస్తం?" బుగ్గమ్మ ఖచ్చితంగా తల అడ్డంగా ఊపింది. "ఒక బెల్లం ముక్కన్న ఏస్త."

ఆమె వెళ్ళాక నీమా చివరికి తన ఆకు వేసుకుని మనోరమ పక్కన కూర్చుంది. పొద్దున్నుంచి బండి నడిపింది, అందరికీ వడ్డించింది. ఆకలితో ఉన్నట్టుంది, చపాతీ తుంచి పెద్ద ముద్ద పెట్టుకుంది. లోయవైపునుంచి గాలి వచ్చి ఆకుల అంచులు లేపుతోంది. అవతలి చెట్టు కింద పిల్లలు డబ్బా చుట్టూ మూగిన అరుపులు వినిపిస్తున్నాయి. పచ్చిపులుసు రుచి చూసి గోవర్ధన్ కళ్ళు మూసుకున్నాడు.

మనోరమ తన ఆకు మడవబోయి ఆగింది. కడుపు నిండిపోయింది. ఇంకా తినాలన్న ఆకలి లేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ ఇంకా పెట్టమని అడిగిన మనిషి కాదు.

"ఇంకో చపాతీ ఉన్నదా బిడ్డ?"

నీమా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. గిన్నె మూత తీసి చూసింది. ఖాళీ. మిగిలింది తన ఆకులో తుంచిన సగమే. దానిమీద చెయ్యి వేసి ఆగింది. మనోరమ ఇంట్లో ఎంగిలి అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. మొదటి వారంలోనే నేర్చుకుంది.

"అయిపోయినయి ఆంటీ. ఇది నేను తిన్నది."

మనోరమ ఆకు ముందుకు జరిపింది.

"అదే వెయ్యి."